ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నప్పుడు సొలిసిటర్ విషయంలో నా అనుభవం

మేము ఇంగ్లండ్ వచ్చి ఎనిమిదేళ్ళు దాటింది, రెడింగ్ లోనే మూడు అద్దె ఇళ్ళు మారాం, 2025 అక్టోబర్ లో టైల్‌హర్స్ట్ లో ఒక 3 బెడ్‌రూమ్ టెర్రస్ ఇల్లు (పక్క ఇళ్ళతో గోడలు కలిసి వరసగా ఉండేది) కొన్నాం. ఇల్లు ఎలా వెతకాలి, మార్టగేజ్ ఎవరి దగ్గర తీసుకోవాలి అని మనవాళ్ళు గంటలు గంటలు చెప్తారు, సొలిసిటర్ (ఇల్లు కొనే పనిలో మన తరఫు లాయర్) దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఎవరైనా ఒకటే, తక్కువకి చేసేవాళ్ళని పెట్టుకో" అని వదిలేస్తారు. నాకూ అలాగే చెప్పారు, నేనూ అలాగే పెట్టుకున్నా. ఆ తర్వాత ఏం జరిగిందో వివరంగా రాస్తున్నా, ముఖ్యంగా ఇండియాలో తాతల నాటి ఇల్లో నాన్న ఇల్లో ఉన్నవాళ్ళు దయచేసి మధ్యలో ఆపకుండా చదవండి.

ముందు ఇక్కడి పద్ధతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది విజయవాడ, నాన్న ఇల్లు కట్టినప్పుడు దస్తావేజు రాసేవాళ్ళ దగ్గర కూర్చోవడం, ఈసీ తీయించడం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు వేయడం అన్నీ నాకు బాగా గుర్తు. ఇక్కడ అవేమీ ఉండవు. మీరు ఏ ఆఫీసుకీ వెళ్ళరు, అమ్మేవాళ్ళ మొహం కూడా చూడకపోవచ్చు, మొత్తం పని మీ సొలిసిటర్, వాళ్ళ సొలిసిటర్ కలిసి చేసుకుంటారు. లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ అని ఇంకో రకం ఉంటారు, వాళ్ళూ ఈ పని చేయొచ్చు. ఇంకో పెద్ద తేడా ఏంటంటే మీ ఆఫర్ ఒప్పుకున్నారు అంటే ఇల్లు మీదైపోయినట్టు కాదు, ఎక్స్ఛేంజ్ ఆఫ్ కాంట్రాక్ట్స్ (రెండు వైపులా సంతకం చేసిన ఒప్పందాలు మార్చుకోవడం) అయ్యేదాకా ఎవరైనా ఏ రోజైనా కాదు పొమ్మనొచ్చు. స్కాట్లాండ్ లో పద్ధతి వేరు, నేను చెప్పేది ఇంగ్లండ్ సంగతి.

మే నెలలో 3,65,000 పౌండ్లకి మా ఆఫర్ ఒప్పుకున్నారు. మర్నాడే ఎస్టేట్ ఏజెంట్ ఫోన్ చేసి మాకు తెలిసిన కన్వేయన్సింగ్ (ఇల్లు పేరు మార్చే కాగితాల పని) కంపెనీ ఉంది, అంతా ఆన్‌లైన్, ఫీజు 649 పౌండ్లే, వీళ్ళయితే పని త్వరగా అవుతుంది అంది. ఆ కంపెనీ నుంచి ఏజెంట్‌కి రిఫరల్ ఫీజు వెళ్తుందని పేపర్లలో చిన్న అక్షరాల్లో రాసే ఉంది, నేను చూశాను కూడా, చూసి వదిలేశాను. సంతకం అయ్యాక అసలు లెక్క పంపారు, మార్టగేజ్ ఉంటే ఇంత, గిఫ్ట్ డబ్బు ఉంటే ఇంత, స్టాంప్ డ్యూటీ ఫారం నింపినందుకు ఇంత, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ కి ఇంత, ఐడీ చెక్ తలా ఒక్కరికి ఇంత, అన్నీ కలిపితే సెర్చ్‌లు (స్థానిక ఆఫీసుల దగ్గర ఆ ఇంటి వివరాలు తీయించడం) కాకుండానే 1,300 దాటింది.

సరే డబ్బులదేముంది అనుకున్నా. అసలు బాధ ఏంటంటే అక్కడ మనిషి దొరకడు. ఒక పోర్టల్ ఇచ్చారు, అందులో మెసేజ్ పెడితే "5 వర్కింగ్ డేస్ లో జవాబిస్తాం" అని వస్తుంది, ఫోన్ చేస్తే ఎత్తినవాళ్ళు మన ఫైల్ చూసేవాళ్ళు కాదు, ఆరు వారాల్లో మా ఫైల్ ముగ్గురి చేతులు మారింది, మూడో అమ్మాయి మళ్ళీ మొదటి నుంచి మా పాస్‌పోర్టులు అడిగింది. లోకల్ సెర్చ్‌లు ఆర్డర్ చేశాం అన్నారు, తీరా అడిగితే ఐదో వారంలో చేశారు. అటు అమ్మేవాళ్ళ తరఫు నుంచి ఏజెంట్ మా మీద ఒత్తిడి, మీ సొలిసిటర్ కదలట్లేదు, ఇంకో పార్టీ చూడమంటారా అని. ఆ కంపెనీని మాకు చెప్పింది ఆ ఏజెంటే.

మొదట్లో వాళ్ళు పంపిన ఆన్‌లైన్ ఫారంలో ఒక ప్రశ్న ఉంది, మీకు ఇంతకుముందు ఎక్కడైనా ఇల్లు ఉందా అని. నేను లేదు అని టిక్ పెట్టాను. అబద్ధం చెప్పాలని కాదండీ, నిజంగానే నా పేరు మీద ఎక్కడా ఏమీ లేదని నా నమ్మకం. విజయవాడ ఇల్లు నాన్న కట్టింది, నాన్న 2022 నవంబర్ 9న పోయారు, కార్తీక పౌర్ణమి నాడు చంద్రగ్రహణం పట్టింది చూడండి, దాని మర్నాడు. వీలునామా రాయలేదు. ఇంటి పన్ను రసీదు ఇప్పటికీ నాన్న పేరు మీదే వస్తుంది, అందులో అమ్మ ఉంటోంది, అది అమ్మ ఇల్లు అంతే, నాకు ఇల్లుంది అని ఏ రోజూ అనుకోలేదు. నా టిక్ చూసి వాళ్ళు మమ్మల్ని ఫస్ట్ టైమ్ బయ్యర్స్ (మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళు, వాళ్ళకి పన్ను తక్కువ) కింద వేసి స్టాంప్ డ్యూటీ 3,250 అని రాసి పంపారు. ఒక్క ప్రశ్న ఎదురు వేయలేదు.

జులై మొదటి వారంలో మా ఆవిడే అంది, ఎన్నాళ్ళిలా, డబ్బు పోతే పోయింది మార్చేద్దాం అని. మధ్యలో మారిస్తే ఇంకా ఆలస్యం అవుతుందేమో అని నేను రెండు రోజులు ఊగిసలాడాను. మా పాప స్కూల్ లో వాళ్ళ ఫ్రెండ్ తల్లి ఒకావిడ ఊళ్ళోనే ఉన్న చిన్న ఫర్మ్ పేరు చెప్పింది. ఈసారి వెళ్ళే ముందు నేను చేసిన పనులు ఇవి. ఎస్ఆర్ఏ అంటే సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ వెబ్‌సైట్ లో ఆ ఫర్మ్, ఆ మనిషి పేరు ఉన్నాయో లేదో చూశా (లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ అయితే వాళ్ళ నియంత్రణ సంస్థ సీఎల్‌సీ వెబ్‌సైట్ లో చూడాలి). లా సొసైటీ వాళ్ళ కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ లో ఉన్నారా అని చూశా. మా మార్టగేజ్ బ్యాంక్ ప్యానెల్ లో (బ్యాంక్ ఒప్పుకున్న సొలిసిటర్ల జాబితా) ఉన్నారా అని బ్యాంక్‌ని అడిగా, ఇది చాలా ముఖ్యం, ప్యానెల్ లో లేకపోతే బ్యాంక్ తన తరఫున ఇంకో సొలిసిటర్‌ని పెట్టి ఆ ఖర్చు కూడా మన మీదే వేస్తుంది. ఇక ఆ ఫర్మ్ లో సొలిసిటర్ ఆవిడని నేరుగా అడిగినవి, నా ఫైల్ మొదటి నుంచి చివరిదాకా మీరే చూస్తారా, మీరు సెలవులో ఉంటే ఎవరు చూస్తారు, ఇప్పుడు చెప్పిన ఫీజులో ఏవి కలవలేదు. అన్నిటికీ సూటిగా చెప్పింది. ఆగస్టులో రెండు వారాలు సెలవు, ఆ రెండు వారాలు ఎదురు టేబుల్ దగ్గర కూర్చున్న ఆయన చూస్తాడు అని ఆయన్ని పిలిచి పరిచయం కూడా చేసింది. ఫీజు 1,450, వ్యాట్ వేరే, సెర్చ్‌లు ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు వేరే, ఇంకేం లేవు.

ఆ మొదటి మీటింగే నేను మర్చిపోలేను. చిన్న ఆఫీసు, టేబుల్ మీద గులాబీ రంగు టేపు కట్టిన ఫైళ్ళు, గోడకి ఒక పెద్ద క్యాలెండర్. పసుపు రంగు కాగితాల ప్యాడ్ తీసి పెన్సిల్‌తో రాసుకుంటూ అడుగుతోంది. ఇల్లు ఉందా అని అడగలేదు ఆవిడ. "మీ అమ్మానాన్న ఎక్కడుంటారు? ఉన్నారా? వాళ్ళ ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?" అని అడిగింది. నాన్న పోయారు అన్నాను. పెన్సిల్ ఆగింది. వీలునామా ఉందా అంది, లేదు అన్నా. మరి మీ దేశం చట్టం ప్రకారం ఎవరికి వస్తుంది అంది. అమ్మకి, అక్కకి, నాకు సమానంగా అన్నా. అంటే మూడో వంతు మీదే కదా అంది.

అప్పుడు విడమరిచి చెప్పింది. ఇక్కడ ఫస్ట్ టైమ్ బయ్యర్ అంటే ఇంగ్లండ్ లో మొదటిసారి కొనేవాడు అని కాదు, ప్రపంచంలో ఎక్కడా ఇంతవరకు ఇల్లు లేనివాడు, కొన్నదైనా, వారసత్వంగా వచ్చినా, ఎవరైనా గిఫ్ట్ ఇచ్చినా లెక్కలోకి వస్తుంది. భార్యాభర్తలు కలిసి కొంటుంటే ఇద్దరూ ఫస్ట్ టైమ్ బయ్యర్స్ అయ్యుండాలి. కాబట్టి 3,250 మర్చిపోండి, మామూలు రేటు 8,250 కట్టాలి అంది. నాకు గొంతు ఎండిపోయింది. కానీ ఆవిడ అక్కడితో ఆపలేదు. అసలు భయం ఇంకోటి ఉంది, రెండో ఇల్లు కొనేవాళ్ళకి మొత్తం ధర మీద ఇంకో 5 శాతం అదనం ఉంటుంది, బయట దేశంలో ఇల్లైనా సరే మీ వాటా విలువ 40,000 పౌండ్లు దాటితే మీరు రెండో ఇల్లు కొంటున్నట్టే అంది. మా ఇల్లు కోటీ ఎనభై లక్షల దాకా పలుకుతుంది, మూడో వంతు అరవై లక్షలు, అప్పటి రేటుకి 50 వేల పౌండ్లు దాటుతుంది. 3,65,000 మీద 5 శాతం అంటే 18,250, మొత్తం 26,500. మా దగ్గర అంత డబ్బు లేదు. ఉన్నదంతా డిపాజిట్‌కే సరిపోతుంది.

అయితే ఒక మినహాయింపు ఉంది అని ఒక పెద్ద పుస్తకం తీసి చూపించింది. వారసత్వంగా ఇంకొకళ్ళతో కలిసి వచ్చి, మొగుడూపెళ్ళాల వాటా కలిపి సగానికి మించకుండా ఉంటే, అలా వచ్చిన మూడేళ్ళ లోపు ఇంకో ఇల్లు కొంటే ఆ వాటాని లెక్కలోకి తీసుకోరు. మూడేళ్ళు ఎప్పుడు నిండుతాయి అని అడిగింది. అక్కడి నుంచే అమ్మకి ఫోన్ చేశా, అమ్మకి తారీకులు పట్టవు, "కార్తీక బహుళ పాడ్యమి రా, ఈసారి నవంబర్ మొదటి వారంలో వస్తుంది" అంది. సొలిసిటర్‌కి తిథులతో పని లేదు, డెత్ సర్టిఫికెట్ మీద తారీకు చూసి, వాటా ఏ రోజు వచ్చినట్టు అని వాదన పెట్టుకోవడం ఎందుకు, నాన్నగారు పోయిన రోజు నుంచే లెక్కపెట్టుకుందాం, అదే భద్రం అంది. నవంబర్ 9 ఆదివారం. లేచి వెళ్ళి గోడ మీద క్యాలెండర్‌లో నవంబర్ 7 శుక్రవారం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది. "ఈ రోజు లోపు తాళాలు మీ చేతికి రావాలి" అంది. ఎక్స్ఛేంజ్ కాదు, కంప్లీషన్ (డబ్బు మొత్తం కట్టి ఇల్లు చేతికి రావడం) అవ్వాలి ఆ లోపు. బయటికొచ్చాక బస్ స్టాప్ లో మా ఆవిడ "ఈవిడకే ఇద్దాం" అంది, ఇంకేం మాట్లాడుకోలేదు.

నాకు తట్టి అడిగాను, నా వాటా అమ్మకి రాసిచ్చేస్తే సరిపోతుంది కదా అని. ఇక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ చేయించి, హై కమిషన్ అటెస్టేషన్, అక్కడ మళ్ళీ స్టాంప్ వేయించడం, రిజిస్ట్రేషన్, అవన్నీ ఎన్నాళ్ళు పడతాయో ఆలోచించండి, పైగా కేవలం పన్ను కోసం కుటుంబం ఆస్తి కదిపే ముందు మీ అక్కతో అమ్మతో మాట్లాడండి, మనకి టైమ్ ఉంది, ముందు పని తెముల్చుకుందాం అంది. అది కూడా నాకు నచ్చింది.

పాత కంపెనీకి వాళ్ళు చేసిన పనికీ సెర్చ్‌లకీ కలిపి 540 దాకా కట్టి బయటపడ్డాం, సెర్చ్ రిపోర్టులు మాత్రం కొత్తావిడకి పనికొచ్చాయి. బ్యాంక్‌కి సొలిసిటర్ మారిందని చెప్పాలి, దానికో పది రోజులు.

తర్వాత సోర్స్ ఆఫ్ ఫండ్స్, అంటే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించడం. ఇది ప్రతి సొలిసిటర్ అడగాల్సిందే, మనీ లాండరింగ్ రూల్స్. మాకు అమ్మ 25 లక్షలు పంపింది, నాన్న ఆర్టీసీలో రిటైర్ అయినప్పుడు వచ్చిన డబ్బు, ఎఫ్‌డీ వేసి ఉంచింది. సొలిసిటర్ మా అమ్మ బ్యాంక్ అకౌంట్ ఆరు నెలల స్టేట్‌మెంట్లు కావాలంది, ఎఫ్‌డీ క్లోజ్ చేసిన కాగితం కావాలంది, ఆ ఎఫ్‌డీలోకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కావాలంది. అమ్మకి ఫోన్ లో చెప్తుంటే "మీ నాన్న ముప్పై ఏళ్ళు డ్యూటీ చేసిన డబ్బురా అది, దొంగసొమ్మేం కాదని చెప్పు ఆవిడకి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎలా చెప్పాలో నాకు అర్థం కాలేదు. చివరికి బావ వెళ్ళి నాన్న రిటైర్మెంట్ ఆర్డర్, పాత పాస్‌బుక్ పేజీలు ఫోటో తీసి పంపాడు, నాన్న సంతకం ఉన్న పాస్‌బుక్ అది. వాటితో పాటు మీసేవలో తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా పంపాం, మూడో వంతు లెక్కకి అదే ఆధారం అయింది. ఇంటి దస్తావేజు తెలుగులో చేతిరాత, దానికి సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్ చేయించాల్సి వచ్చింది. అమ్మ గిఫ్ట్ లెటర్ రాసింది, ఈ డబ్బు తిరిగి అడగను, ఈ ఇంట్లో నాకు వాటా లేదు అని, ఆ వాక్యం తప్పనిసరిగా ఉండాలి. ఇండియా నుంచి డబ్బు తెప్పించుకునేవాళ్ళకి ఇంకో మాట, ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన దాని మీద బ్యాంక్ 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) పట్టుకుంటుంది. అమ్మ దగ్గర 15 లక్షల మీద 3 లక్షలు పట్టుకున్నారు. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది కానీ ఆ 3 లక్షలు అప్పటికప్పుడు చేతిలో ఉండాలి కదా. ముందే లెక్క వేసుకోండి.

సెప్టెంబర్ అంతా ఎంక్వైరీస్ తో గడిచింది. అమ్మేవాళ్ళు నింపే ప్రాపర్టీ ఇన్ఫర్మేషన్ ఫారం, టీఏ6 అంటారు, అందులో ఇంట్లో ఏ మార్పులూ చేయలేదు అని రాశారు. ఆవిడ మా సర్వే రిపోర్టు పక్కన పెట్టుకుని చదివి, కిచెన్‌కీ డైనింగ్‌కీ మధ్య గోడ లేదు, ఈ వరసలో మిగతా ఇళ్ళకి ఉంటుంది, ఎవరు తీశారు, బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ (నిబంధనల ప్రకారమే చేశారనే కాగితం) ఏది అని అడిగింది. అప్పుడు ఒప్పుకున్నారు, 2012 ప్రాంతంలో తీయించాం, కాగితాలు లేవు అని. ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (కాగితాలు లేనందుకు తర్వాత నష్టం వస్తే భరించే పాలసీ) కొనిస్తాం అన్నారు. నేను ఆత్రంగా కౌన్సిల్‌కే (ఇక్కడి మున్సిపాలిటీ) రాసి కనుక్కుందామని ఈమెయిల్ రాసి, పంపే ముందు ఆవిడకి చూపించా. వెంటనే ఫోన్ చేసింది, పంపకండి అని. కౌన్సిల్‌కి ఎవరైనా చెప్తే ఇక ఆ పాలసీ ఇవ్వరట. ఆ మెయిల్ వెళ్ళుంటే పని అక్కడే ఆగిపోయేది. అయితే ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది, కౌన్సిల్ నోటీసు ఇస్తే పాలసీ డబ్బులిస్తుంది గానీ పైకప్పు కుంగితే ఇవ్వదు, మీ పాప ఆ గదిలో అన్నం తింటుంది, ఇంజినీర్‌కి చూపించుకోండి అని. స్ట్రక్చరల్ ఇంజినీర్ వచ్చి సీలింగ్ లో అరచేతి అంత రంధ్రం చేసి టార్చ్ వేసి చూశాడు, లోపల స్టీల్ బీమ్ ఉంది, రెండు వైపులా సరిగ్గానే ఆనింది. అప్పుడు ఊపిరి తీసుకున్నా.

ఎన్విరాన్‌మెంటల్ సెర్చ్ లో నేల గురించి ఒక లైన్ వచ్చింది, రెడింగ్ కింద అక్కడక్కడా పాతకాలం సుద్ద గనులు ఉన్నాయి కాబట్టి. ఆవిడ దాన్ని కూడా వదల్లేదు, సర్వేయర్‌తో ఒక మాట అనిపించి ఫైల్ లో పెట్టింది.

అక్టోబర్ వచ్చేసింది, అమ్మేవాళ్ళు కొనే ఇంటి దగ్గర చైన్ (ఒకరి ఇల్లు అమ్ముడైతేనే ఇంకొకరు కొనగలిగే వరస) ఆగింది. వాళ్ళు నవంబర్ మధ్యలో చేద్దాం అన్నారు. నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు, ఒక్క వారం జరిగితే 18,250. ఆవిడ మా పన్ను సంగతి అవతలివాళ్ళకి చెప్పకుండా, మా క్లయింట్ అక్టోబర్ లో అయితేనే ఉంటారు అని రాసి, రోజూ ఫోన్ చేసింది. రోజూ. సాయంత్రం నాలుగుకి నాకు రెండు లైన్ల మెయిల్ వచ్చేది, ఈ రోజు ఏమైందో, ఏమీ కాకపోతే ఏమీ కాలేదు అని. పోర్టల్ వాళ్ళతో ఆరు వారాలు పడ్డాక ఆ రెండు లైన్ల విలువ నాకు తెలుసు.

అక్టోబర్ 10 శుక్రవారం మధ్యాహ్నం ఎక్స్ఛేంజ్ అయింది, ఇద్దరు సొలిసిటర్లు ఫోన్ లో చెప్పుకోవడమే. దాని ముందు 10 శాతం, 36,500 ఆవిడ అకౌంట్‌కి పంపాలి. ఆవిడ బ్యాంక్ నంబర్ మొదటి రోజే కాగితం మీద ఇచ్చి చెప్పింది, ఈ నంబర్ ఎప్పటికీ మారదు, నా పేరుతో మారింది అని ఈమెయిల్ వస్తే అది దొంగలు పంపింది, నమ్మొద్దు అని. ముందు 1 పౌండ్ పంపి, ఫోన్ చేసి అందిందని ఆవిడ నోటితో విన్నాకే మిగతాది పంపాను. ఎక్స్ఛేంజ్ రోజు నుంచే ఇంటి ఇన్సూరెన్స్ మన పేరు మీద ఉండాలి, ఆ సంగతి కూడా ఆవిడే గుర్తు చేసింది.

దీపావళి వెళ్ళాక అక్టోబర్ 24 శుక్రవారం కంప్లీషన్. పొద్దున్నించి ఫోన్ చేతిలోనే. 12:40కి ఆవిడే చేసింది, డబ్బు చేరింది, తాళాలు తీసుకోండి అని. సాయంత్రం ఆ గోడ లేని కిచెన్‌లోనే పాలు పొంగించాం, అమ్మ వీడియో కాల్ లో చూసింది. 14 రోజుల్లో వేయాల్సిన స్టాంప్ డ్యూటీ రిటర్న్ ఆవిడ సోమవారమే వేసేసింది, 8,250. ఖర్చులన్నీ పోగా మిగిలిన 38 పౌండ్లు లెక్క రాసి వెనక్కి పంపింది.

ఇక్కడి పని అయ్యాక అక్కడిది మొదలుపెట్టాం. విజయవాడ ఇంటికి మ్యుటేషన్ చేయించడానికి బావ కాగితాలు సిద్ధం చేస్తున్నాడు, అక్కకీ నాకూ అమ్మకీ ఏది ఎవరికి అన్నది ముగ్గురం కూర్చుని మాట్లాడుకోవాలి, వచ్చే వేసవిలో వెళ్తున్నాం. పన్ను రసీదు మీద నాన్న పేరు తీసేస్తారా అని అమ్మ ఇప్పటికి రెండుసార్లు అడిగింది.